మరలి వచ్చిన బాణీ

పాతపాటలు మన కెందులకని విద్యార్థులు కొందరు మమ్ము ప్రశ్నించుచుందురు. వారికి సంగీత దర్శకులు రమేశ్ నాయుడుగారి మాట చెప్పదలచితిమి.

కృష్ణాజిల్లా కొండపల్లిలో జన్మించిన నాయుడుగారు 1959లో 'మనోరమ'కు సంగీతము కూర్చిరి. పిమ్మట కలకత్తా చేరి వంగభాషా చిత్రములకు పనిచేసిరి. 1972లో 'అమ్మమాట'తో తెలుగునకు మరలి వచ్చిరి. ముందు పాట వ్రాయించి, ఆ మాటల నడకనుబట్టి బాణీ కట్టుట వారి కిష్టము. 1982 నాటి 'మేఘసందేశము'లో పండ్రెండవ శతాబ్దపు జయదేవుని అష్టపదులకును, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతములకును బాణీలు కూర్చి జాతీయ పురస్కారము నందిరి. పాతను ఆశ్రయించుట వెనుకంజ కాదు.

మన గాంధీనగరమున పిల్లలు వీధిలో కన్నడము, ఇంట తెలుగు మాటలాడుదురు. కన్నడము నేర్చుట మేలే. వంగదేశము నాయుడుగారికి చేటు చేయలేదు. కాని మరలి వచ్చుటకు ఇల్లొకటి ఉండవలెను గదా! పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునాడు మా యాసకు తోటివారు నవ్విరి. అవ్వ నేర్పిన జోలపాట పాడగా నిశ్శబ్దముగా వినిరి. అట్టి పాట యెరుగని పిల్లవాడు ఎచ్చటికి మరలును?

తల్లిదండ్రులారా! వారమున కొక పాట పిల్లలకు నేర్పి, వారిచేత వ్రాయించి పంపుడు. దాని మాటల సొగసు తరగతిలో మేము చెప్పెదము.