చిత్తక్షోభము – దృఢభూమి

జపమాల చేతబట్టినంతనే మనస్సు అంగడికో, ఇంటి ఋణమునకో పరుగెత్తుతున్నదని విసిగి నిత్యజపమును విడిచిపెట్టే భక్తులు అనేకులు. మనస్సు కుదుటపడిన పిమ్మట కూర్చుందామని వారి సంకల్పము. ఈ నిరీక్షణ యుక్తము కాదు. వికల్పములు అణగిన తరువాతనే సాధన ఆరంభింపదగినదైతే, ఆరంభమునకు తావే లేదు.

ఈ సందర్భమున ఆధునిక గణితములోని ఒక ఉపాయము పరిశీలనార్హము. జీవకణములో వేలాది జన్యువులు పరస్పరము ప్రేరేపించుకొంటూ, నిరోధించుకొంటూ ఒక జాలముగా వర్తిస్తాయి. ఆ జాలములో యాదృచ్ఛికమైన క్షోభ నిరంతరము. శాస్త్రజ్ఞులు దానిని ‘నాయిస్’ అంటారు. గట్లు, లోయలు గల నేలపై కదలే గోళమును ఊహిస్తే విషయము సుగమము. లోయలు స్థిరస్థితులు. క్షోభ యొక్క తాకిడి ఒక్కొక్కప్పుడు గోళమును గట్టు దాటించి పక్కలోయలో పడవేస్తుంది. 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన వెల్స్, కాథ్, మోటర్ అనే శాస్త్రజ్ఞులు క్షోభను అణచే యత్నము మాని, నేల ఆకృతినే మార్చే పద్ధతిని ప్రకటించారు. అవాంఛితమైన లోయ గట్టును తగ్గించి, వాంఛితమైన లోయను లోతు చేస్తే, అదే క్షోభ గోళమును కోరిన చోటికి చేరుస్తుంది.

పతంజలి మహర్షికి నిరోధము పరమలక్ష్యమే. అయినను చిరకాలము, ఎడతెగక, ఆదరముతో చేసిన అభ్యాసమునకు ఆయన వాడిన పదము ‘దృఢభూమి’. వ్యాసభాష్యము చిత్తమును ఇరువైపులా ప్రవహించే నదిగా వర్ణించి, వైరాగ్యముచే విషయప్రవాహమునకు అడ్డుకట్ట, అభ్యాసముచే వివేకప్రవాహమునకు మార్గము చెప్పినది. ఉభయత్రా మార్పు మార్గములోనే. ప్రతి నామోచ్చారణ ఒక సంస్కారమును లోతు చేస్తుంది. తప్పిపోయిన మనస్సు మరలివచ్చిన ప్రతిసారీ ఆ లోతు ఇంకొంత పెరుగుతుంది. మనస్సును గాలితో పోల్చిన అర్జునునితో శ్రీకృష్ణుడు విభేదింపలేదన్నది గమనార్హము.

ఇంతమాత్రముచేత ఋషులు ఈ గణితమును ఎరిగియుండిరని చాటడం అనుచితము. అట్టి గొప్పలు వేదమునకు అవసరము కావు.

భేదమూ స్వల్పము కాదు. శాస్త్రజ్ఞుడు జాలమునకు వెలుపల నిలిచి దానిని సవరిస్తాడు. సాధకుని బుద్ధి ఆ జాలములోనిదే. వెలుపల ఉన్నది సాక్షి ఒక్కటే. అది చూస్తుందే గాని సవరింపదు. కాబట్టి సవరించవలసినది క్షోభకు లోనైన ఆ బుద్ధియే. నేడు కూర్చోవాలా, వద్దా అన్న నిర్ణయమును ప్రతిదినము దానికే అప్పగించకుండుటకు సంధ్యాకాలము, నియతాసనము, 108 అను సంఖ్య ఉపకరిస్తాయి.