అక్షరానికీ ఒక వయస్సుంది

నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా జరపడం మన ముస్లిం కుటుంబాల్లో ఆచారం. హిందూ గృహాల్లో అక్షరాభ్యాసం ఉంది. అవి అక్షరాన్ని ఆహ్వానించే వేడుకలే గాని పరీక్షలు కావు. నేడో, మూడేళ్లు నిండీ నిండకముందే పసివాడి భుజాన పుస్తకాల సంచి వేలాడుతోంది.

డెన్మార్క్ బాలలను పరిశీలించి థామస్ డీ, సీవర్ట్‌సెన్ అనే పరిశోధకులు 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది ఆలస్యంగా బడిలో చేరినవారిలో ఏకాగ్రతాలోపం, అతిచాంచల్యం తక్కువగా కనిపించాయి. ఆ మేలు పదకొండో ఏటికీ నిలిచింది. అయితే అక్కడ ఆ ఏడాది గడిపేందుకు మంచి శిశుశాలలున్నాయి.

కూలికి వెళ్లే తల్లి బిడ్డను ఎక్కడ విడిచిపెట్టాలి? 1975లో మొదలైన అంగన్‌వాడీలే అందుకు సమాధానం కావాలి. అక్కడ ఆటపాటలు, కథలు, ఉర్దూ అయినా తెలుగు అయినా తల్లిభాష ఉండాలి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నది 2020 జాతీయ విద్యావిధానం.

రేపటి ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం కాబోయే మనమైనా పసిమనసులను తొందరపెట్టకుందుము గాక!