ఉపవాస ప్రార్థన సరే, హెర్2 రిపోర్టు ఏదీ?

మన సంఘాల్లో ఏ అక్కకైనా రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే వెంటనే ఉపవాస ప్రార్థన పెడతాం. మంచిదే. కానీ ఆ అక్కకు హెర్2 పరీక్ష చేశారా, ఏమొచ్చింది, మందుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అని అడిగేవాళ్లు కనబడరు. ఈ మౌనాన్ని విశ్వాసం అనడానికి మేము ఒప్పుకోం.

ముందు మందు సంగతి తెలుసుకుందాం. రొమ్ము క్యాన్సర్ అంతా ఒకే రకం కాదు. నూటికి సుమారు 15 నుంచి 20 మందిలో క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ మితిమీరి ఉంటుంది. ఆ కణాలను వేగంగా పెంచేది అదే. ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ నేరుగా ఆ ప్రొటీన్‌నే పట్టుకుని దాని పనికి అడ్డుపడుతుంది. కీమో అక్కర్లేదని కాదు, చాలామందికి రెండూ ఇస్తారు. తొలిదశలో మామూలుగా మూడు వారాలకోసారి, ఏడాదిపాటు సెలైన్‌తో ఎక్కిస్తారు. తొడ చర్మం కింద కొన్ని నిమిషాల్లో ఇచ్చే రకమూ ఉంది. కొందరికి గుండె బలహీనపడుతుంది కాబట్టి మొదలుపెట్టే ముందూ, మధ్యమధ్యలోనూ ఎకో పరీక్ష తప్పదు.

ఈ మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పేది బయాప్సీ ముక్క మీద చేసే పరీక్షే. రిపోర్టులో 3+ అంటే హెర్2 ఉన్నట్టు. 0, 1+ అంటే ఈ మందు పనిచేసే రకం కాదు. 2+ వస్తే తేలనట్టే, ఫిష్ అనే మరో పరీక్ష చేయాలి. డబ్బు లేక ఆ రెండో పరీక్ష దగ్గరే ఆగిపోతే తనకు మందు ఉందన్న సంగతి కూడా ఆ అక్కకు తెలియదు.

ఇది కొత్త మందు కాదు. అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశపు జాబితాలోనూ ఉంది. 2013లో రోష్ కంపెనీ ఇక్కడ పేటెంటు వదులుకుంది. 2014లో బయోకాన్ తన బయోసిమిలర్‌ను తెచ్చింది. ధర తగ్గింది. అయినా ఏడాది కోర్సు కూలి ఇంటికి అందేది కాదు. మందు ఉండి, అది అందక మనిషి పోతే 'దేవుని చిత్తం' అంటాం. ధర పెట్టింది దేవుడా? బడ్జెట్టు రాసింది దేవుడా?

మంచి సమరయుడు దారిలో ప్రార్థన చేసి వెళ్లిపోలేదు. గాయాలు కట్టాడు, సత్రం ఖర్చు కట్టాడు, ఇంకా ఎక్కువైతే ఇస్తానని మాటిచ్చాడు. మనమో కన్వెన్షన్ స్టేజీకి, సౌండు సెట్టుకు చందాలు రాస్తాం, మందుల బిల్లు దగ్గర తల దించుకుంటాం.

తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడ్డ మనకు ఇంకో చిక్కు ఉంది. ఆంధ్ర, తెలంగాణ ఆరోగ్య పథకాలు అక్కడి కార్డులున్నవాళ్లకే. మనం ఉన్నచోట పథకం వేరు, దరఖాస్తు భాష వేరు. యానాం అక్కకు కాకినాడ పక్కనే ఉన్నా, తన ప్రభుత్వం ఉన్నది వందల కిలోమీటర్ల దూరాన పుదుచ్చేరిలో.

యౌవనస్తులారా, ఇక్కడే మీ పని ఉంది. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఇంగ్లిషు చదవగలిగింది మీరే. ప్రతి సంఘంలో ఇద్దరు ముందుకు రండి. రిపోర్టు చదివి చెప్పండి, పథకం కాగితాలు నింపండి, బెంగళూరు కిద్వాయికో, ముంబై టాటాకో, చెన్నై అడయారుకో, కటక్ ఆచార్య హరిహర్‌కో, పుదుచ్చేరి జిప్మర్‌కో తోడు వెళ్లండి. డోసు తప్పకుండా తేదీలు రాసిపెట్టండి.

ప్రభుత్వాలను మేము అడిగేవి మూడు. ప్రతి రొమ్ము క్యాన్సర్ బయాప్సీకీ హెర్2 పరీక్ష, అవసరమైతే ఫిష్ కూడా ఉచితంగా చేయాలి. మొదలుపెట్టిన కోర్సు మధ్యలో ఆగకూడదు. ఏ రాష్ట్రపు కార్డు అన్న ప్రశ్న మందుకు అడ్డు రాకూడదు.

పన్నెండేళ్ల రక్తస్రావంతో ఉన్నదంతా వైద్యులకే ఖర్చుపెట్టిన స్త్రీని యేసు గుంపులో ఆగి వెతికాడు. ఆయన పేరు పెట్టుకున్న మనం ఆగకుండా ఎలా నడిచిపోతాం?