కదలని సైకిల్‌తో ఫిట్‌నెస్ నిలుస్తుందా?

అశోక్ నగర్‌లో తెల్లవారుజామున ఐదున్నరకు సైకిల్ బయటకు తీస్తే దారంతా మనదే. ఇందిరా పార్కు పక్కనుంచి ట్యాంక్ బండ్ దాకా వెళ్లి హాయిగా తిరిగి రావచ్చు. ఎనిమిది దాటిందా, కోచింగ్ సెంటర్లకు వెళ్లే అభ్యర్థులు, స్కూలు ఆటోలు, ఆర్టీసీ బస్సులు! ఇక వానాకాలం సంగతి సరేసరి. అందుకే సైకిల్ అలవాటున్న చాలామంది ఎక్సర్‌సైజ్ బైక్ కొని హాల్లో ఓ మూల పెట్టుకుంటున్నారు. మరి రోడ్డు మీద సంపాదించుకున్న దమ్ము ఇంట్లో తొక్కితే నిలుస్తుందా?

రోడ్డు ఎందుకు దూరమైంది?

ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ వరకు స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో ప్రారంభమైంది. రెండు నెలలు తిరగకుండానే అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చింది. నెత్తిన నీడ, ఆ నీడ నుంచే కరెంటు. మంచి ఏర్పాటే. కానీ అది నగరానికి పడమటి అంచున ఉంది. చిక్కడపల్లి, నారాయణగూడల వాళ్లు అక్కడ తొక్కాలంటే సైకిల్‌ను కారెక్కించుకుని వెళ్లాలి. పాలకో, కూరగాయలకో సైకిల్ మీద వెళ్లే దారి మాత్రం పాత బస్తీల్లోనూ, ఇలాంటి పేటల్లోనూ ఇరుకవుతూనే ఉంది. ఇంట్లోకి బైక్ రావడం వెనక సరదా ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా ఉంది.

దీని మూల్యం చిన్నదేం కాదు. మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మహిళల్లో ఇది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. వీధిలో తొక్కడానికి జంకే మహిళలకు ఇంట్లోని బైక్ నిజంగానే ఆసరా.

ఏం ఇస్తుంది? ఏం ఇవ్వదు?

గుండెకు, ఊపిరితిత్తులకు రోడ్డు, గది అన్న తేడా తెలియదు. ఎంత శ్రమ పడ్డామన్నదే వాటికి లెక్క. పైగా ఇంట్లో సిగ్నళ్లుండవు, పల్లంలో కాళ్లు ఆపి జారిపోవడం ఉండదు. వ్యాయామం పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. ఆ నష్టాన్ని ఇంటి బైక్ ఆపగలదు.

బ్యాలెన్స్, మలుపులు, బ్రేకు వేసే ఒడుపు, బస్సును గమనించే చూపు మాత్రం రోడ్డు మీదే వస్తాయి. ఇంకోటి... సైకిల్ మీద ఒంటి బరువును సీటే మోస్తుంది. కాబట్టి ఎముకల గట్టిదనానికి నడక, మెట్లెక్కడం, కొద్దిగా బరువులెత్తడం విడిగా అవసరం.

ఎలా తొక్కాలి?

ముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగుతుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి నొప్పి ఖాయం.

ఫ్యాన్ తప్పనిసరి. మనం ఖర్చు చేసే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగానే పోతుంది. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని లాగేస్తుంది, మూసిన గదిలో ఆ సాయం ఉండదు. పక్కనే నీళ్ల సీసా పెట్టుకోండి.

వారానికి మూడు రోజులు చాలు. ఒకరోజు మాట్లాడగలిగేంత తేలిగ్గా 45 నిమిషాలు. ఇంకోరోజు 10 నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి, 3 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలిగ్గా... ఇలా నాలుగుసార్లు తొక్కి, చివర 6 నిమిషాలు నిదానంగా ముగించాలి. ఆదివారం పొద్దున్నే గంటన్నర బయట. అన్నీ కలిపితే 175 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ ఉండాలంటోంది.

వీళ్లు జాగ్రత్త

కొత్తవాళ్లు మొదటిరోజే పంతానికి పోయి గంటసేపు గట్టిగా తొక్కొద్దు. కండరాలు దెబ్బతిని, వాటి వ్యర్థాలు కిడ్నీలకు చేటు చేసిన సందర్భాలున్నాయి. తొడలు విపరీతంగా నొప్పెట్టినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు కూడా అంతే.

కొనేముందు ఇంట్లో పాత సైకిల్ ఉందేమో చూడండి. దాని వెనక చక్రానికి ట్రైనర్ స్టాండ్ బిగిస్తే చాలు, కొత్త బైక్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ అయితే కింద మందపాటి మ్యాట్ వేస్తే కింది ఇంటివాళ్లకు చప్పుడు బాధ తగ్గుతుంది. ఏది కొన్నా, తొక్కే వేళ ఒకటి ఇంటిల్లిపాదీ ముందే అనుకోవాలి. లేదంటే నెల తిరిగేసరికి అది తువ్వాళ్లు ఆరేసుకునే దండెమే!

ఇంటి బైక్ వానకు, రద్దీకి మంచి విరుగుడు. అలాగని ఆదివారం పొద్దుటి రోడ్డును వదులుకోవద్దు. సైకిళ్లు కనబడని వీధిలో సైకిల్‌కు దారి కావాలని ఎవరికీ తోచదు.