మాండొలిన్ మనదైన వైనం

పరాయి వాద్యం చేరితే సంప్రదాయం చెడుతుందని వాదించే పెద్దలున్నారు. నేను అంగీకరించను.

న్యూయార్కుకు చెందిన జాన్ జోర్న్ 1990లలో యూదుల స్వరజాతులను జాజ్‌లోకి తెచ్చి సొంత రచనలు చేశారు. అంతకు పూర్వమే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పాశ్చాత్యుల మాండొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు.

అది సులభసాధ్యం కాదు. మాండొలిన్‌కు జంటతీగలు, మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. గమకం లేని రాగమో, ప్రాణం లేని దేహమే! శ్రీనివాస్ జంటతీగలు తీసి ఒంటితీగలు బిగించారు, ఐదవ తీగ చేర్చారు, విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలిపారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండొలిన్ వాదకులు కారు. ఆయన పాడగా, ఆ గాత్రాన్నే శిష్యుడు తీగలపై పలికించాడు. అసలు రహస్యమదే. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ బాలుని వాదనం శ్రోతలను ముగ్ధులను చేసింది. తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్లాఫ్లిన్ జాజ్ గిటారుకు సరిజోడుగా నిలిచారు. 2014లో, నలభై ఐదేళ్ళకే కన్నుమూశారు.

కవిత్వంలోనూ ఇంతే. ఛందస్సు క్షుణ్ణంగా తెలిసిన గురజాడ వారే ముత్యాలసరం కూర్చగలిగారు.

మా నవీపేట్‌లోనైనా మీ ఊళ్ళోనైనా పిల్లవాడు గిటారు పడితే కసరకండి. ముందు ఒక్క రాగమైనా గొంతెత్తి పాడడం నేర్పించండి. అప్పుడా గిటారూ మనదే అవుతుంది.

మీరేమంటారు?