వైరసునకు పదునిచ్చు మన ఎంజైములు

ఇన్‌ఫ్లుయెంజా వైరసు సర్వాయుధ సన్నద్ధమై బయటినుండి వచ్చి దేహముపై బడునని మనలో పెక్కుమంది తలంపు. కాని ఒక జీవకణములో తయారై వెలికివచ్చిన వైరసు రేణువు, దాని పైపొరమీది మాంసకృత్తు ఒకచోట తెగినగాని, రెండవ కణములో అడుగిడజాలదు. ఆ కోతకు వలసిన ఎంజైము వైరసు వద్ద లేదు, ఆశ్రయమిచ్చిన దేహమందే కలదు. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలియవచ్చి అర్ధశతాబ్ది గడచినను, కోళ్ల ఫారములలో రోగము పొడసూపినప్పుడు మనము చేయు పనులలోనికి దాని ఫలితము ఇంకను చాలినంతగా ప్రవేశింపలేదని నా దృఢాభిప్రాయము. ఆ లోపమును సవరించుకొనుట మన చేతిలోని పనియే గనుక ఇది వ్రాయుచున్నాను.

ఆ మాంసకృత్తు పేరు హీమగ్లుటినిను. కణములో అది సుమారు 550 అమినో ఆమ్లముల ఏకశృంఖలగా అల్లబడును. అట్టివి మూడేసి కలిసి వైరసు పైపొరమీద ఒక్కొక్క కొమ్ముగా నిలుచును. తెగని కొమ్ము సైతము గొంతులోని కణమును పట్టుకొనగలదు. కణము దానిని తనలోని తిత్తిలోనికి మ్రింగుటయు జరుగును. చిక్కు ఆ తరువాత వచ్చును. తిత్తిలో ఆమ్లత్వము హెచ్చగానే, ముందే రెండుగా తెగియున్న హీమగ్లుటినిను నొక్కిపెట్టిన స్ప్రింగు విడివడినట్లు నిటారుగా సాగి, కోతవలన బయల్పడిన తన కొనను తిత్తిపొరలో గ్రుచ్చి, వైరసు పొరను కణపు పొరతో ఏకము చేసి, లోపలి జన్యుద్రవ్యమునకు దారి యిచ్చును. తెగనిదానికి ఆ చలనమే లేదు, అది తిత్తిలోనే జీర్ణమై నశించును.

1975లో జర్మనీలోని గీసెన్ నగరమున క్లెంక్, రాట్ ప్రభృతులును, న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున లాజరోవిట్జ్, చాపిన్ అనువారును వేర్వేరుగా పనిచేసి, నిర్జీవప్రాయముగా నున్న వైరసు రేణువులు ట్రిప్సిను అను జీర్ణరసపు ఎంజైము సోకినంతనే వ్యాధికారకములగుచున్నవని నిరూపించిరి. నేటికిని ఏ వైరసు ప్రయోగశాలలోనైనను దీనిని కన్నులార చూడవచ్చును. కుక్క మూత్రపిండమునుండి పెంచిన కణములను పళ్లెములో పలుచని పొరగా పరచి, మనుష్యులలో తిరుగు ఫ్లూ వైరసును వానిపై వేసి ఊరకున్నచో, మొదట వైరసు సోకిన కణములు చెడుటతో కథ ముగియును. అందులో లవలేశము ట్రిప్సిను కలిపినచో, కొన్ని దినములకు ఊదారంగు అద్దిన ఆ పొరలో, కణములు చచ్చిన చోటులెల్ల తెల్లని చుక్కలై తేలును. టీకా కొరకు వైరసును కోడిగ్రుడ్లలో పెంచువారికి ఈ అవసరము లేదు. పిండము చుట్టునుండు ద్రవములో తగిన ఎంజైము సహజముగనే యున్నది.

మన గొంతులోను ఊపిరితిత్తులలోను ట్రిప్సిను లేదుగదా, అచట కోత కోయునది యేది? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము 2006లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయమునుండి వచ్చెను: శ్వాసనాళపు కణముల పొరకు అంటియుండు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అను ఎంజైమును, దాని జాతిదే యగు మరియొకటియు ఈ పనికి సమర్థములని వారు చూపిరి. తరువాత 2013 మొదలుకొని, ఆ ఎంజైము జన్యువును తొలగించిన చిట్టెలుకలకు హెచ్1ఎన్1 వైరసు నెక్కింపగా, తక్కిన ఎలుకలు మరణించుచుండ అవి నిక్షేపముగా బ్రతికినవి. కోత చోట ఆర్జినీను అను అమినో ఆమ్లము ఒక్కటియే యుండుటవలన, దానిని గుర్తింపగల ఎంజైములు కొన్నితావులందే దొరకుటవలన, మనుష్యులకు ఏటేట వచ్చు ఫ్లూ శ్వాసకోశమును దాటి పోవుట అరుదు.

ఈ ఎంజైములనే అడ్డగించు మందులు చేయరాదా యని కొందరు అడుగుదురు. చేయవచ్చును, వైరసు తన జన్యువులను మార్చుకొనునుగాని మన జన్యువులను మార్పలేదు గనుక ఆ మార్గము ఆకర్షణీయమే. కాని జపానులో క్లోమరోగమునకు వాడు కామోస్టాట్ అను అట్టి మందు, ఈ ఎంజైమునే వాడుకొను కరోనా వైరసు సోకిన రోగులకు ఇచ్చి చూచినప్పుడు ఆశించిన మేలు కానరాలేదు. ఆ పరిశోధన సాగవలసినదే. మన కోళ్లరైతు దానికై వేచియుండలేడు.

కోళ్లలోనే ఈ కోతచోటు భయంకర రూపము దాల్చును. హెచ్5, హెచ్7 తెగల వైరసులలో అప్పుడప్పుడు ఆ స్థానమున ఆర్జినీను, లైసీనులు వరుసగా పోగుపడును. అంతట దానిని ఫ్యూరిను అను ఎంజైము కోయగలదు; ఫ్యూరిను దేహములో దాదాపు ప్రతి కణమందును ఉండునట్టిది. వైరసు గొంతును, ప్రేగును విడిచి మెదడు, గుండె, రక్తనాళముల గోడలు మున్నగు సమస్తాంగములకు వ్యాపించును. తురాయి నీలివారి, తల వాచి, ఒకటి రెండు దినములలో మందలు మందలే కూలును. అయినను 1918 నాటి మహమ్మారి వైరసునకు ఈ వరుస లేదు, ఒంటరి ఆర్జినీనే యుండెను. మనుష్యులలో ప్రాణహానికి వేరు హేతువులును కలవని దీనివలన తెలియుచున్నది. కోడి విషయమున మాత్రము కోతచోటే నిర్ణాయకము.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1983 ఏప్రిలు మాసమున హెచ్5ఎన్2 వైరసు కోళ్లలో కనిపించెను. నష్టము స్వల్పము. అక్టోబరునకు అదే వైరసు మందలలో నూటికి ఎనుబదివరకు కోళ్లను చంపసాగెను; దానినణచుటకు కోటి డెబ్బది లక్షల పక్షులను వధింపవలసివచ్చెను. మెంఫిస్ నగరపు సెయింట్ జూడ్ ఆసుపత్రిలో కవావోకా, వెబ్‌స్టర్ మొదలగువారు రెండు మాసముల వైరసులను ప్రక్క ప్రక్కన పెట్టి పరీక్షింపగా, ఒక వింత బయటపడెను. ఏప్రిలు వైరసునకే కోతచోట ఆ ప్రమాదకరమైన వరుస యుండెను. కాని సమీపమున అంటియున్న ఒక చక్కెర శృంఖల ఎంజైమును దరిజేరనీయక కాచుచుండెను. ఒక్క అమినో ఆమ్లము మారి ఆ చక్కెర ఊడిపోయెను, అంతే. ఆరు నెలలపాటు వైరసు ఆ రైతుల కన్నుల యెదుటనే, మారణశక్తిని లోన దాచుకొని తిరిగినది.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలము వేల్పూరులోను, పెరవలి మండలము కానూరులోను హెచ్5ఎన్1 నిర్ధారణయైన వార్త మనమింకను మరువలేదు. కోళ్లు కుప్పలుగా చచ్చిన పిమ్మట నమూనాలు భోపాలులోని జాతీయ పశువ్యాధుల ప్రయోగశాలకు పోయి, సమాధానము వచ్చులోపల ప్రక్క ఫారములు సైతము రోగమున బడుట మన పరిపాటి. ఆ జాతి ఫ్యూరినుకు అనువైన కోతచోటుతో ఏండ్ల తరబడి తిరుగుచున్నదే గనుక మరణమే దాని వార్తాహరి యయ్యెను. కాని పెన్సిల్వేనియా ఏప్రిలు వైరసు వంటిది మన ఫారములో ప్రవేశించినచో దానిని కనిపెట్టువారెవ్వరు? గ్రుడ్లు కొంత తగ్గును, కొన్ని కోళ్లు ముక్కు కారి తూలును. రైతు కొక్కెర తెగులనియో, ఎండదెబ్బయనియో తలంచి ఊరకుండును. ఊరకుండుటకు అతనికి కారణము కలదు: నిజము చెప్పినచో మంద నంతటిని చంపుదురు, పరిహారము ఎప్పుడు చేతికందునో తెలియదు, అందినను కోడి వెలకు సరిపోదు.

కాబట్టి నేను కోరునది రెండు పనులు. గ్రుడ్లు తగ్గిన ఫారములనుండి, మరణములకై వేచియుండక, నమూనాలను సేకరించి, హెచ్5, హెచ్7 తేలినవానిలో కోతచోటి అమినో ఆమ్లముల వరుసను, దాని దాపున చక్కెర శృంఖల యున్నదో లేదో యనుదానిని మన రాష్ట్రములోనే చదువు ఏర్పాటు చేయవలెను. దానికి వలయు యంత్రములు కరోనా కాలమున మన ప్రయోగశాలలు కొన్నింటికి వచ్చియే యున్నవి. రెండవది, స్వయముగా వచ్చి చెప్పిన రైతునకు, చంపిన పక్షుల వెలను, వధించిన దినమునుండి పదునైదు దినములలోపల పూర్తిగా చెల్లింపవలెను; దాచిన రైతుకంటె చెప్పిన రైతు నష్టపోయినంతకాలము ఏ ప్రయోగశాలకును నమూనా సకాలమున చేరదు.