రేషన్‌ బియ్యంలో ఇనుము ఎక్కడుంది?

రేషన్‌ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు నీళ్లపై తేలాయి. రంగు కూడా కాస్త తేడా. అంతే, ‘ప్లాస్టిక్‌ బియ్యం’ అనే ప్రచారం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. ‘ఇవి తినొచ్చా?’ అని మీ అమ్మమ్మ అడిగితే మీరేం చెప్పారు? ఇంటర్‌ కెమిస్ట్రీలో మంచి మార్కులొచ్చిన మీ దగ్గర జవాబుందా?

అవి ఫోర్టిఫైడ్‌ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్‌ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలోకి తెస్తారు. వంద పాళ్ల మామూలు బియ్యానికి ఒక పాలు చొప్పున కలుపుతారు. రక్తహీనత తగ్గించాలన్నది ఉద్దేశం. ఫెర్రిక్‌ పైరోఫాస్ఫేట్‌ రూపంలో అయితే కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం. పరమాణు సంఖ్య 26 అని మనం బట్టీపట్టిన మూలకమే ఇది. మేకులో లోహంగా ఉంటుంది. ఈ గింజలో మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయాన్‌గా ఉంటుంది.

ఇంత మాత్రం ఇంట్లో చెప్పగలిగితేనే పాఠం వచ్చినట్టు అంటాను నేను. బెజవాడ హాస్టళ్లలో ర్యాంకు కోసం చదివినప్పుడు సరైన ఆప్షన్‌ గుర్తుపడితే సరిపోయింది. ఉద్యోగం దగ్గర ఆప్షన్లు ఉండవు. టెక్నికల్‌ ఇంటర్వ్యూ అయినా, టీచర్‌ పోస్టుకు డెమో క్లాస్‌ అయినా, ‘అర్థమయ్యేలా చెప్పండి’ అనే అడుగుతారు.

ప్రాక్టీస్‌కు వంటిల్లు చాలు. ఉప్పు తీసుకోండి. సోడియం నీళ్లు తగిలితే మండిపోయే లోహం. క్లోరిన్‌ 1915లో ఈప్ర్‌ యుద్ధభూమిలో ప్రాణాలు తీసిన వాయువు. సోడియం నుంచి క్లోరిన్‌కు ఒక్క ఎలక్ట్రాన్‌ చేతులు మారితే, మనం ఆవకాయలో వేసే ఉప్పు!

‘ఇవి చిన్నపిల్లలకు చెప్పే పోలికలు, సిలబస్‌ పూర్తికావద్దా?’ అంటారు కొందరు. పోలికతోనే ఆగిపోతే ఆ మాట నిజమే. థామ్సన్‌ నమూనాకు పుచ్చకాయ బాగా కుదురుతుంది: గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. కానీ 1911లో రూథర్‌ఫర్డ్‌ ఆ నమూనాను తోసిపుచ్చాడు. పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే. కేంద్రకం కంటే పరమాణువు సుమారు లక్ష రెట్లు పెద్దది. సెంటీమీటరు శనగ గింజను కేంద్రకం అనుకుంటే పరమాణువు కిలోమీటరు వెడల్పు ఉంటుంది. మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. గింజను బ్యారేజీ మధ్యలో ఊహించుకోండి, లెక్క కళ్లముందుంటుంది. పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ తెగుతుందో చెప్పగలిగినవాళ్లకే సబ్జెక్టు వచ్చినట్టు.

తిండిలో కెమిస్ట్రీ చిన్న విషయమేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు. ఆ రేషన్‌ గింజలో కలిపే ఫోలిక్‌ ఆమ్లాన్ని 1940ల్లో అమెరికాలో ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించిందీ ఆయనే.

ఈ ఆదివారం ఇంట్లో ఒకరికి ఉప్పు గురించి మూడు నిమిషాలు చెప్పండి, ఫార్ములా రాయకుండా. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే అర్థమైనట్టే. జవాబు తట్టకపోతే ఆ పాఠం మళ్లీ తెరవండి. పైసా ఖర్చులేని మాక్‌ ఇంటర్వ్యూ ఇది.